బతికినవాటి వంశం



కళాశాలలో మాకు పాఠాలు చెప్పిన మాస్టారి పేరిట మాట్లాడమని ఈ సభకు పిలిచినప్పుడు విషయం నా ఇష్టానికే వదిలేశారు. కోస్తాలో ఆక్వా అంటే రొయ్యే కాబట్టి రొయ్య గురించే చెబుతాననుకున్నవాళ్లు చాలామంది. చివర్లో రొయ్య దగ్గరికీ వస్తాను. ముందు మాత్రం ఆల్చిప్ప గురించి చెప్పాలి. ముత్యం కోసమో గుల్ల సున్నం కోసమో తప్ప మనం పెద్దగా తలచుకోని జీవి అది. భీమిలి దగ్గర ఉప్పుటేటిలో గట్టి నేల దొరికిన చోటల్లా అంటుకుని పెరుగుతుంది. కేరళలో అష్టముడి సరస్సులో తాళ్లకు వేలాడదీసి పెంచుతారు. తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు 1980ల్లోనే హేచరీలో దీని పిల్ల తీశారు. అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా తీరాల్లో అయితే ఊళ్లకు ఊళ్లే దీని మీద బతికాయి.

మొలస్కా పాఠం చెప్పేటప్పుడు మాస్టారు ఒక ప్రశ్న వేసేవారు. కదలలేని జీవికి జబ్బు చేస్తే ఎక్కడికి పారిపోతుందిరా అని. మేం తెల్లమొహం వేసేవాళ్లం. ఆయన జవాబు చెప్పకుండానే చిప్ప నిర్మాణంలోకి వెళ్లిపోయేవారు. ఆ ప్రశ్నకు కొందరు తమ జీవితకాలాన్ని పెట్టి వెతికిన జవాబు ఒకటుంది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఆల్చిప్ప గుడ్లు, వీర్యకణాలు నీటిలోనే కలుస్తాయి. పిల్ల రెండు మూడు వారాలు ఈదుతూ తిరుగుతుంది. తర్వాత గట్టి చోటు వెతుక్కుని, ముఖ్యంగా సాటి ఆల్చిప్పల చిప్పల మీద, అంటుకుంటుంది. అంతే, ఇక జన్మలో కదలదు. ఎదిగిన ఆల్చిప్ప అనుకూలమైన రోజుల్లో రోజుకు వంద లీటర్లకు పైగా నీటిని మొప్పల గుండా లాగి వదులుతుంది. తిండి ఆ నీటిలోంచే రావాలి, జబ్బూ ఆ నీటిలోంచే వస్తుంది. మనకున్నట్టు దానికి యాంటీబాడీలు లేవు కాబట్టి మనకు తెలిసిన తరహా టీకా పనిచేయదు. నీళ్లు సముద్రానివి, పోటుకు వచ్చి పాటుకు పోతాయి. అందులో మందు కలపడం అసాధ్యం. చెరువులో రొయ్యకు జబ్బు చేస్తే రైతు సున్నమో, ప్రోబయోటిక్కో, ఇంకేదో చల్లుతాడు, పనిచేసినా చేయకపోయినా. ఆల్చిప్ప రైతుకు ఆ ఊరట కూడా లేదు. అతని చేతిలో మిగిలేది ఒకటే, ఏ పిల్లను నీటిలో వేస్తున్నామన్నది. ఆ పిల్ల తల్లిదండ్రులు ఎవరన్నది.

ఈ సంగతి మొదట మనుషులకు నేర్పింది కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం. 1915లో అక్కడి మాల్పెక్ అఖాతంలో ఆల్చిప్పలు గుంపులు గుంపులుగా చచ్చాయి. మళ్లు దాదాపు ఖాళీ అయ్యాయి. ఏ క్రిమి చేసిందో నేటికీ తేలలేదు. అయినా సుమారు ఇరవై ఏళ్లలో అదే అఖాతం మళ్లీ ఆల్చిప్పలతో నిండింది. జబ్బు అక్కడే ఉంది. చావకుండా మిగిలిన కొద్దివాటి సంతానం ఆ జబ్బుకు లొంగలేదు. 1950ల్లో ఆ జబ్బే ఎదురుగా ఉన్న న్యూ బ్రన్స్‌విక్ తీరానికి పాకినప్పుడు, కెనడా ప్రభుత్వ శాస్త్రవేత్తలు మాల్పెక్ ఆల్చిప్పలనే పడవల్లో తెచ్చి అక్కడ వేశారు. అవి నిలిచాయి, సంతానం పెట్టాయి. మనుషులు ఇందులో చేసిందల్లా బతికినవాటిని ఒక చోటి నుంచి మరో చోటికి మోయడమే.

అసలు కథ డెలావేర్ అఖాతానిది. అమెరికా తూర్పు తీరంలో న్యూజెర్సీ వైపు బైవాల్వ్ అనే ఊరు ఉంది. రెండు చిప్పల జీవి పేరునే ఊరికి పెట్టుకున్నారు. అఖాతం పై భాగంలో నది నీరు కలిసి ఉప్పు తక్కువగా ఉంటుంది, అక్కడ పిల్ల పుడుతుంది. వసంతం చివర్లో పడవలు ఆ పిల్లను తీసుకెళ్లి, ఉప్పు ఎక్కువగా ఉండే కింది భాగంలోని సొంత మళ్లలో నాటేవి. ఉప్పునీటిలో మాంసం బాగా పట్టి ధర పలికేది. 1957 వసంతంలో ఆ కింది మళ్లలో చావులు మొదలయ్యాయి. రెండు మూడేళ్లలో నాటిన వాటిలో 90 నుంచి 95 శాతం పోయాయి. పై భాగపు పిల్ల మళ్లలోనూ సుమారు సగం పోయాయి. రెండేళ్లు తిరిగేసరికి పక్కనున్న చెసపీక్ అఖాతానికీ అంటుకుంది. ఆల్చిప్ప మాంసం ఒలిచే షెడ్లు, పడవల బాగుచేత, డబ్బాల తయారీ, వీటన్నిటి మీద బతికిన కూలి కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు మన నెల్లూరు, గోదావరి, కృష్ణా తీరాల్లో టైగర్ రొయ్య చెరువులు ఎండబెట్టిన రోజులు చూసినవారికి ఆ ఊరి పరిస్థితి వివరించనక్కర్లేదు.

సూక్ష్మదర్శిని కింద చూసినవారికి ఆల్చిప్ప కణజాలంలో చాలా కేంద్రకాలున్న గుండ్రటి జీవి కనిపించింది. ఏమిటో తెలియక, బహుకేంద్రక గోళానికి ఇంగ్లీషు పొడి అక్షరాలు ఎంఎస్, పక్కన తెలియనిదానికి ఎక్స్ అని రాసుకున్నారు. ఆ ఎంఎస్ఎక్స్ అనే పేరే జబ్బుకు స్థిరపడిపోయింది. 1966లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడు దాన్ని హాప్లోస్పోరిడియం నెల్సొనై అంటున్నారు. నెల్సన్ అన్న పేరు రట్గర్స్ విశ్వవిద్యాలయపు థర్లో నెల్సన్‌ది. ఆయన తండ్రి జూలియస్ నెల్సన్ 1888లో న్యూజెర్సీ ఆల్చిప్పల మీద పరిశోధన మొదలుపెట్టాడు, కొడుకు అందుకున్నాడు. ఆ కొడుకు శిష్యుడు హెరాల్డ్ హాస్కిన్. ఒకే అఖాతాన్ని తండ్రి, కొడుకు, శిష్యుడు వరసగా కనిపెట్టుకుని ఉన్నారు. ఈ వివరం ఊరికే చెప్పడం లేదు. తర్వాత జరిగినదంతా ఆ కొనసాగింపు వల్లే జరిగింది.

చావులు మొదలైనప్పుడు ప్రయోగశాలలన్నీ చేసే పని చచ్చినవాటిని కోసి చూడడం. హాస్కిన్ అదీ చేశాడు. దాంతో పాటు చావుల మధ్య బతికి ఉన్నవాటిని ఏరించాడు. 1960ల తొలినాళ్లలో ఆ బతికినవాటితో పిల్ల తీయడం మొదలుపెట్టాడు.

ఇందులో ఒక పెద్ద చిక్కు ఉంది. ఎంఎస్ఎక్స్‌ను ఒక ఆల్చిప్ప నుంచి మరొకదానికి ప్రయోగశాలలో నేరుగా అంటించడం ఇప్పటికీ ఎవరి చేతా కాలేదు. మధ్యలో ఇంకేదో జీవి దాన్ని మోస్తోందని అనుమానం, ఆ జీవి ఏదో దొరకలేదు. తొట్టెలో పరీక్ష పెట్టి వారంలో ఫలితం చూసే వీలు లేదన్నమాట. జబ్బు ఉన్న అఖాతమే పరీక్షాశాల కావాలి. అందుకని పిల్లలను ట్రేలలో పోసి కేప్ షోర్ అనే చోట, పాటు వేళ బయటపడే ఇసుక నేల మీద వరసలుగా పెట్టారు. ఒక వరస బతికినవాటి పిల్లలు, పక్కనే ఎంపిక చేయని మామూలు పిల్లలు. పాటు సమయం చూసుకుని వెళ్లి, ట్రే తెరిచి, బురద కడిగి, ఒక్కొక్క చిప్పనూ చేతిలోకి తీసుకోవాలి. బతికి ఉన్నది తాకగానే మూసుకుంటుంది. చావుకు దగ్గరైనది మూసుకోలేక నోరు తెరుచుకునే ఉంటుంది. చచ్చి కొన్నాళ్లైనది లోపల ఖాళీ. కీలు మాత్రం రెండు చిప్పలనూ పట్టుకుని ఉంటుంది. మూడింటినీ వేరు చేసి లెక్క రాయాలి. తర్వాతి పాటుకు మళ్లీ అదే. ఒక తరం అసలు బలం తేలాలంటే రెండు మూడు వేసవులు దాటాలి. అప్పుడు మిగిలినవే మరుసటి తరానికి తల్లిదండ్రులు.

ఈ పని మీద సూసన్ ఫోర్డ్, హాస్కిన్ కలిసి రాసిన ప్రధాన పరిశోధన పత్రం 1987లో అచ్చయింది. మొదలుపెట్టి అప్పటికి పాతికేళ్లు. ఐదారు తరాల ఎంపిక తర్వాత ఆ వంశాల్లో బతికేవి మామూలు ఆల్చిప్పల కంటే ఎనిమిది తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉన్నాయని తేలింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి బయటపడింది. ఈ వంశాలకు పరాన్నజీవి అంటకపోలేదు. అంటింది. కానీ ఎక్కువ వాటిలో అది మొప్పల దగ్గరే ఆగిపోయింది, ఒళ్లంతా పాకలేదు. జబ్బు రాకపోవడం ఒకటి, వచ్చినా దాన్ని ఒక మూలన కట్టిపడేసి బతకడం ఇంకొకటి. రైతుకు రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ రెండోది ఉన్న జీవి తనలో జబ్బును మోస్తూ ఉంటుంది. రొయ్య దగ్గరికి వచ్చినప్పుడు ఈ తేడా మనకు చాలా అవసరమవుతుంది.

అఖాతంలో సహజంగా పెరిగే ఆల్చిప్పలు మాల్పెక్‌లోలాగా తమంతట తాము ఎందుకు బలపడలేదు? ముప్ఫై ఏళ్ల దాకా బలపడలేదు, దానికి కారణం ఉంది. ఎంఎస్ఎక్స్ ఉప్పు తక్కువైన నీటిలో నిలవదు. లీటరుకు పది గ్రాముల లోపు ఉప్పు ఉన్నచోట అది చస్తుంది. అందువల్ల అఖాతం పై భాగంలోని బలహీన ఆల్చిప్పలు సుఖంగా ఉంటూ ప్రతి ఏడూ పిల్లలు పెట్టేవి, ఆ పిల్లలే మళ్లీ అఖాతమంతా నిండేవి. 1980ల మధ్యలో కరువు వచ్చింది. నదిలో నీరు తగ్గి ఉప్పునీరు పైకి ఎగదన్నింది, దాంతో పాటు జబ్బూ ఎక్కింది. ఆ దాపు పోయి బలహీనమైనవి చచ్చాయి. అప్పటి నుంచి ఆ అఖాతపు సహజ ఆల్చిప్పలను ఎంఎస్ఎక్స్ పెద్దగా బాధించడం లేదు. ఇప్పటికీ బయటి నుంచి మామూలు ఆల్చిప్పలను తెచ్చి పెడితే చస్తాయి. జబ్బు అక్కడే ఉందనడానికి అదే రుజువు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. 1990లో డెర్మో అనే మరో జబ్బు డెలావేర్‌లో విజృంభించింది. ఇది పెర్కిన్సస్ మరైనస్ అనే పరాన్నజీవి పని. 1940ల చివర్లో మెక్సికో సింధుశాఖ తీరంలో దొరికింది. లూసియానా ఆల్చిప్ప రైతులు చమురు కంపెనీల కాలుష్యం వల్లే తమ పంట పోయిందని కోర్టుకెక్కితే, కంపెనీలు డబ్బు పెట్టి చేయించిన పరిశోధనలో ఇది బయటపడింది. పాతికేళ్లు కష్టపడి ఎంఎస్ఎక్స్‌కు తట్టుకునేలా తయారుచేసిన వంశాలు డెర్మోకు తట్టుకోలేకపోయాయి. రట్గర్స్‌లో మళ్లీ రెండు జబ్బులకూ కలిపి ఎంపిక మొదలుపెట్టారు. హాస్కిన్ 2002లో మరణించాడు, ఆయన పేరే పెట్టుకున్న ప్రయోగశాలలో ఆ వంశాలు ఇప్పటికీ కొనసాగుతున్నాయి.

మాల్పెక్‌కూ ఇదే జరిగింది. పాత జబ్బుకు దశాబ్దాలుగా లొంగని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో 2024 జూలైలో ఎంఎస్ఎక్స్ నిర్ధారణ అయింది. పాత బలం కొత్త జబ్బు ముందు అక్కరకు రాలేదు. ఒక్కో జబ్బుకు ఒక్కో బలం, ఒక్కో నీటికి ఒక్కో వంశం. అన్ని జబ్బులకూ తట్టుకునే పిల్ల మా దగ్గర ఉందని ఎవరైనా మీ చెరువు గట్టు మీదికి వచ్చి చెబితే నమ్మవద్దని అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఎంఎస్ఎక్స్ పరాన్నజీవి ఎక్కడిదన్న ప్రశ్నకు 2000లో జవాబు వచ్చింది. జన్యు పరీక్షల్లో అది ఆసియాకు చెందిన పసిఫిక్ ఆల్చిప్పతో వచ్చిందని తేలింది. ఫ్రాన్స్ కథా అలాంటిదే. అక్కడి పోర్చుగీసు ఆల్చిప్పలు 1970 ప్రాంతంలో వైరస్‌తో తుడిచిపెట్టుకుపోతే, జపాన్ నుంచి, కెనడా పశ్చిమ తీరం నుంచి పసిఫిక్ ఆల్చిప్పను తెచ్చి పరిశ్రమను నిలబెట్టారు. బతికినవాటి కోసం ఎదురుచూడకుండా జాతినే మార్చేశారు. మనం టైగర్ రొయ్యను వదిలి వనామీ రొయ్యకు మారినట్టే. మూడు నాలుగు దశాబ్దాలు బాగానే నడిచింది. 2008లో హెర్పిస్ జాతి వైరస్ ఒకటి కొత్త రూపంలో వచ్చి, నీరు 16 డిగ్రీలకు వేడెక్కగానే పిల్ల ఆల్చిప్పలను వారాల్లో చంపేసింది. కొన్నిచోట్ల పిల్లంతా పోయింది. అదే వైరస్ 2010లో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర, 2016లో టాస్మేనియాలో పడింది.

ఫ్రాన్స్‌లో అంతకు ముందే, 2001లో, వేసవి చావుల మీద ఒక ప్రాజెక్టు నడిచింది. వేసవిని తట్టుకున్న కుటుంబాలను ఒక వైపు, ఎక్కువగా చచ్చే కుటుంబాలను మరో వైపు తరతరాలుగా వేరుగా నిలిపారు. కావాలని బలహీన వంశాన్నీ కాపాడారు, పోల్చి చూడడానికి. 2008 తర్వాత చూస్తే బలమైన వంశం కొత్త వైరస్‌కు కూడా బాగా తట్టుకుంది. ఎవరూ ముందుగా ఊహించింది కాదు. వంశాలను చేతిలో ఉంచుకున్నందువల్ల దొరికిన ఫలితం. టాస్మేనియాలోనూ వైరస్ రాకముందే మొదలైన ప్రజనన కార్యక్రమం ఉంది కాబట్టే, వచ్చాక ఏ కుటుంబం నిలుస్తుందో చూసుకుంటూ ముందుకు పోగలిగారు.

ఇక పెరుగుదల విషయం. రైతుకు జబ్బు కంటే ముందు కళ్లలో పడేది బరువే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వారు 1990లో పోర్ట్ స్టీఫెన్స్‌లో సిడ్నీ రాక్ ఆల్చిప్పను పెరుగుదల కోసం ఎంపిక చేయడం మొదలుపెట్టారు. మూడేళ్లకు పైగా పట్టే పెంపకంలో మూడు నాలుగు తరాల్లోనే దాదాపు ఏడాది తగ్గింది. ఏడాది తగ్గడమంటే తక్కువ అప్పు, తక్కువ కూలి. పైగా ఒక వేసవి తప్పుతుంది. డెర్మో లాంటి జబ్బు ఆల్చిప్పను సాధారణంగా రెండో మూడో వేసవిలో చంపుతుంది. ఆ లోపే మూడంగుళాల సైజుకు వచ్చి బజారుకు వెళ్లిన ఆల్చిప్ప జబ్బును ఎదిరించకపోయినా తప్పించుకున్నట్టే. మాస్టారి ప్రశ్నకు ఇదొక జవాబు. పారిపోలేని జీవి తొందరగా పెరిగి పారిపోవచ్చు.

తొందరగా పెరిగేలా చేయడానికి ఇంకో దారి మూడు సెట్ల క్రోమోజోములున్న ఆల్చిప్ప. దీన్ని ట్రిప్లాయిడ్ అంటారు. అమెరికా తూర్పు తీరపు ఆల్చిప్పలో మెయిన్ విశ్వవిద్యాలయం వారు దీన్ని సాధించినట్టు 1981లో ప్రకటించారు. ఇది గుడ్లు పెట్టడానికి శక్తి ఖర్చు చేయదు కాబట్టి ఒళ్లు పడుతుంది, వేసవిలో కూడా మాంసం నీరుగారిపోదు. 1990ల తొలినాళ్లలో రట్గర్స్‌లో జిమింగ్ గువో, స్టాండిష్ అలెన్ నాలుగు సెట్ల క్రోమోజోములున్న ఆల్చిప్పను సృష్టించారు. దాన్ని మామూలు ఆల్చిప్పతో కలిపితే పుట్టేవన్నీ ట్రిప్లాయిడ్లే, మందులతో పనిలేదు. అలెన్ నాయకత్వంలో వర్జీనియాలో 1997లో ప్రజనన కేంద్రం వచ్చింది, ఇప్పుడు అక్కడి పెంపకంలో అధికభాగం ట్రిప్లాయిడ్లదే. అయితే సంతానం లేని జీవితో వంశం ముందుకు పోదు. వెనక మామూలు వంశాల ఎంపిక ఆగితే ట్రిప్లాయిడ్ కూడా ఉన్నచోటే ఆగుతుంది.

ఎంపిక అన్నంత తేలిక కాదు. ఆల్చిప్పతో పిల్ల ఎలా తీస్తారో దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. పొట్టి కత్తిని కీలు సందులో దూర్చి, తిప్పి, కండరం కోసి పై చిప్ప లేపుతారు. లేతపసుపు రంగు పొట్ట కనిపిస్తుంది. ఆడో మగో పైకి తెలియదు. కొంచెం గీరి గాజు పలక మీద చుక్క నీటిలో కలిపితే, గుడ్లయితే సన్నటి రవ్వలా విడిపోతాయి, వీర్యమైతే పాలలా పరుచుకుంటుంది. అనుమానముంటే సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఒక్క ఆడ ఆల్చిప్పలో లక్షల్లో, కోట్లలో గుడ్లుంటాయి. ఒక జత చాలు, హేచరీ నిండిపోతుంది.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. వంద ఆల్చిప్పలను ఒకే తొట్టెలో వేసి గుడ్లు పెట్టించినా, చివరికి బతికే పిల్లల్లో ఎక్కువ భాగం నాలుగైదు జతల సంతానమే కావచ్చు. వాటితో మరుసటి తరం తీస్తే అన్నాచెల్లెళ్లను కలిపినట్టే. మేనరికాల్లో బయటపడే దోషాల గురించి మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆల్చిప్పలో ఆ దోషాల బరువు చాలా ఎక్కువ. పసిఫిక్ ఆల్చిప్ప మీద 2001లో వచ్చిన పరిశోధనలో అడవి ఆల్చిప్పల్లో కనీసం ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా ప్రాణాంతక స్థాయి జన్యు లోపాలు దాగి ఉంటాయని అంచనా వేశారు. ఒక్కటిగా ఉన్నంతకాలం అవి బయటపడవు, రెండు వైపుల నుంచీ కలిస్తే పిల్ల చస్తుంది. అందుకని ఒరెగాన్‌లో 1996లో మొదలైన ప్రజనన కార్యక్రమంలో గానీ, మిగతా చోట్ల గానీ, జతలు ముందే రాసుకుని, కుటుంబాలను వేర్వేరు తొట్లలో తీసి, ఒక్కో కుటుంబాన్ని వేర్వేరు నీళ్లలో పెట్టి కొలుస్తారు. ఉప్పు ఎక్కువ చోట గెలిచిన కుటుంబం ఉప్పు తక్కువ చోట ఓడిపోవడం మామూలే. పని అంతా పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోతే వంశం పోయినట్టే.

ఇప్పుడు మన తీరానికి వద్దాం.

ఎంపికతో మేలు జరుగుతుందని మనకు తెలియనిది కాదు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య సంస్థ నార్వే సహకారంతో 1992లో శీలావతి మీద పని మొదలుపెట్టింది. గంగ, యమున, బ్రహ్మపుత్ర లాంటి ఐదు నదుల చేపలను, పెంపకపు చేపను కలిపి వంశం కట్టారు. 1997లో జయంతి రోహు బయటికి వచ్చింది. తరానికి సుమారు 17 శాతం చొప్పున ఎదుగుదల పెరిగింది. ఫిలిప్పీన్స్‌లో 1988లో మొదలైన తిలాపియా ఎంపిక ఆసియా దేశాలకు పాకడంలో, బాపట్లలో పుట్టిన మన మోదడుగు విజయ్ గుప్త గారి పాత్ర ఉంది. ఆక్వా జన్యుశాస్త్రం కోసం ఏర్పడిన అంతర్జాతీయ నెట్‌వర్క్‌ను ఆయన సమన్వయం చేశారు. 2005లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. విద్య మనవాళ్లకు ఉంది.

రొయ్యలో మాత్రం మనం వేరే దారి పట్టాం. 2009లో వనామీకి అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచి వస్తాయి, చెన్నై క్వారంటైన్‌లో ఉండి హేచరీలకు చేరతాయి. ఎస్‌పీఎఫ్ అని వాటి మీద ముద్ర ఉంటుంది. ఈ ముద్రకు అర్థం ఫలానా జబ్బులు వాటిలో లేవని మాత్రమే. జబ్బు వస్తే తట్టుకుంటాయని కాదు. శుభ్రమైన పిల్లను తెల్లమచ్చ ఉన్న చెరువులో వేస్తే చస్తుంది. చాలామంది రైతులు ఈ రెండింటినీ ఒకటిగా అనుకుని నష్టపోవడం నేను చూశాను. హేచరీ ప్రచారాలు ఆ అపోహను తొలగించవు సరికదా, పెంచుతాయి. పైగా విదేశంలో వేగం కోసం ఎంపికైన వంశం అక్కడి నీటికి, అక్కడి మేతకు, అక్కడి జబ్బులకు ఎంపికైంది. మన చెరువుల్లో ఎదుగుదలను తినేస్తున్న ఈహెచ్‌పీ అనే పరాన్నజీవిని దృష్టిలో పెట్టుకుని ఎంపికైంది కాదు.

హాస్కిన్ చేసినట్టు మనమూ జబ్బు పడ్డ చెరువులో బతికిన రొయ్యలను ఏరి పిల్ల తీస్తే సరిపోతుందా అని అడగవచ్చు. సరిపోదు. అలా చేయకండి. ఎంఎస్ఎక్స్ ఒక ఆల్చిప్ప నుంచి మరొకదానికి నేరుగా అంటదు కాబట్టి బతికినవాటి నుంచి హేచరీలో తీసిన పిల్ల శుభ్రంగానే ఉంటుంది. తెల్లమచ్చ అలా కాదు. బతికిన రొయ్య వైరస్‌ను మోస్తూ ఉంటుంది, గుడ్లతో పాటు హేచరీకి ఇస్తుంది. తట్టుకోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు అని ఇందాక చెప్పింది ఇందుకే.

దీనికి మార్గం ఉంది, నార్వే సాల్మన్‌లో నడిచి నిలదొక్కుకున్న మార్గమే. ప్రతి కుటుంబాన్నీ రెండుగా పంచుతారు. సగం పిల్లలు బయటి నీరు సోకని కేంద్రంలో శుభ్రంగా పెరుగుతాయి. మిగతా సగం వేరే చోట, తలుపు వేరు, నీరు వేరు, మనుషులు వేరు, జబ్బుకు ఎదురు నిలుస్తాయి. ఆ సగంలో ఏ కుటుంబం ఎక్కువ బతికిందో చూసి, శుభ్రంగా ఉన్న తోబుట్టువులను తల్లిదండ్రులుగా ఎంచుతారు. జబ్బు పడ్డ రొయ్య ఒక్కటీ వంశంలోకి రాదు, దాని సమాచారం మాత్రం వస్తుంది. టౌరా వైరస్‌కు వనామీలో ఇలాంటి ఎంపికతో గట్టి ఫలితం వచ్చింది. తెల్లమచ్చకు తట్టుకునే గుణం సంతానానికి తక్కువగా దిగుతుంది, అందుకే ఆ పని నెమ్మదిగా సాగుతుంది. నెమ్మదిగా సాగే పని కాబట్టే ఇవాళే మొదలుపెట్టాలి.

భీమిలి నుంచి తడ వరకు ఉన్న తీరంలో దేశంలోనే అత్యధిక రొయ్య పండుతోంది. ఈ తీరానికి సొంత తల్లి రొయ్యల వంశం ఒకటి ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. కావలసినవి ఇవి: చెరువులకు దూరంగా శుభ్రమైన సముద్రపు నీరు దొరికే చోటు, కనీసం వంద కుటుంబాలను విడివిడిగా నిలిపే తొట్లు, గోదావరి డెల్టా తీపి నీటిలో ఒకటి, నెల్లూరు ఉప్పునీటిలో ఒకటి పరీక్షా చెరువులు, రాసిన లెక్క చెదరకుండా చూసే మనుషులు. రైతుల నుంచి కావలసింది ఒకటి ఉంది. మీ చెరువులో జబ్బు వస్తే దాచకండి. ఏ బ్యాచ్ పిల్ల, ఏ రోజు, ఎంత పోయిందో రాసి ఇవ్వండి. తెలిస్తే కొనేవాడు ధర తగ్గిస్తాడని మీకున్న భయం న్యాయమైనదే. అందుకే ఆ వివరాలు మార్కెట్‌కు చేరకుండా కేంద్రానికి మాత్రమే చేరే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి.

డబ్బు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మన పరిశోధనా ప్రాజెక్టులు మూడేళ్లకో ఐదేళ్లకో మంజూరవుతాయి. రొయ్యలో తరం తొందరగా వస్తుంది, ఏడాదికి ఒకటి తీయవచ్చు. అయినా ఐదేళ్లంటే నాలుగైదు తరాలు, ప్రాజెక్టు మూతపడేసరికి వంశం అప్పుడే కుదురుకుంటుంది. తొట్లు ఖాళీ చేస్తే కట్టిన కుటుంబాలన్నీ ఒక్కరోజులో పోతాయి, మళ్లీ మొదటి నుంచి కట్టాలి. కనీసం పదిహేనేళ్లకు, అధికారి మారినా ఆగని నిధి కావాలి. రాష్ట్రం, ఎగుమతిదారులు, హేచరీలు, మేత కంపెనీలు తలో భాగం వేసుకుంటే ఇది పెద్ద మొత్తమేమీ కాదు. ఈ సభలో ఆ నాలుగు వర్గాల వారూ ఉన్నారు. తేనీటి సమయంలో నేను ఇక్కడే ఉంటాను, ఈ మాట మీద ఎవరితోనైనా కూర్చోవడానికి సిద్ధం.